రెండు మడతల జవాబు

మిషను ఆగకూడదు. అది మధ్యలో ఆగితే జవాబు మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

టైలరమ్మ ప్యాంటు కుడికాలు అంచును రెండుసార్లు లోపలికి మడిచి, సూది కింద పెట్టి, కాలితో తొక్కడం మొదలుపెట్టింది. ఎదురుగా ఎత్తుపీట మీద కూర్చున్న కూతురు అదే క్షణాన నోరు విప్పింది.

“బైసికిల్ ఈజ్ యాన్ ఎకో ఫ్రెండ్లీ అండ్ సస్టెయినబుల్ మోడ్ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్...”

కుడికాలి మడతకు ఒక నిమిషం, ఎడమకాలి మడతకు ఒక నిమిషం. గోడ గడియారం చూసుకుంటూ నాలుగు ప్యాంట్లు కుట్టాకే ఆవిడ ఈ కొలత ఖాయం చేసింది. పరీక్షలో అడిగినదాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. అంతకన్నా తక్కువైతే మార్కులు కోస్తారని ఇంగ్లీషు మాస్టారు చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి, పొట్టి చేయమని వచ్చిన ప్యాంట్లన్నీ ఆవిడ పగలు ముట్టుకోవడం మానేసింది. కూతురు డ్యూటీ దిగి వచ్చేదాకా వాటిని వేరే కుప్పగా పెట్టి ఉంచుతుంది.

ఎడమకాలి మడత చివరికి వచ్చేసరికి “...దేర్ ఫోర్ ఐ కంక్లూడ్” అని కూతురు ముగించింది. ఆవిడ దారం కొరికింది.

“సరిపోయింది. గుక్క మాత్రం ఎక్కువ తిప్పుకుంటున్నావు. మధ్యలో ఒకచోట ఆగావు.”

“ఆగలేదమ్మా, అక్కడ ఫుల్‌స్టాప్ ఉంది.”

“ఫుల్‌స్టాప్ ఉంటే మాత్రం అంతసేపు ఆగాలా?”

గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతున్న ముసలావిడ తల ఎత్తకుండానే నవ్వింది. అందరూ ఆవిడను కాజాలక్క అంటారు. “చెల్లీ, ఆ పిల్లకి నీళ్లన్నా ఇవ్వు. పొద్దున్నుంచి ఆస్పత్రిలో హలో హలో అని, ఇక్కడికొచ్చి సైకిలు సైకిలు అని, గొంతు ఏమైపోతుంది?”

“గొంతు పోతుందంటావా అక్కా?” అంటూ టైలరమ్మ గబుక్కున లేచింది. ఆ సంగతి అప్పటిదాకా ఆవిడకు తట్టలేదు. గొంతు బొంగురుపోతే పరీక్షలో మాట బయటికి రాదు. మాట రాకపోతే ఇంకేముంది. చెంబుతో నీళ్లు తెచ్చి, చల్లగా ఉన్నాయేమోనని ముందు తాను ఒక గుక్క తాగి చూసి, కూతురికిచ్చింది.

కూతురిని ఇంట్లోనూ దుకాణంలోనూ పిచిక అనే పిలుస్తారు. పెద్దాసుపత్రిలో ఫోన్లు ఎత్తే పని ఆమెది. రెండేళ్లుగా టెంపరరీ. పర్మినెంటు కావాలంటే మాట్లాడే ఇంగ్లీషు పరీక్షలో పదికి ఆరు రావాలి. పోయినసారి అయిదున్నర వచ్చింది. ఈసారి కూడా రాకపోతే ఆ కుర్చీలో వేరేవాళ్లను కూర్చోబెడతారు. మూడో అవకాశం లేదు.

పోయినసారి మాస్టారి దగ్గర చదివిన అయిదుగురూ ఒకే జవాబు అప్పజెప్పారు. పిచిక అయిదో మనిషి. రెండో వాక్యం పూర్తికాకముందే పరీక్ష పెట్టేవాళ్లు చెయ్యెత్తి చాలన్నారు. మాస్టారేమో పిచిక పలకడంలోనే లోపముందని తేల్చేశాడు. ఈసారీ రాకపోకల మీదే అడుగుతారంటూ అదే జవాబును ఇంప్రూవ్ చేసి ఇచ్చాడు. ‘గుడ్’ ఉన్నచోట కొట్టేసి ఎర్ర పెన్నుతో ‘బెనిఫిషియల్’ అని, ‘మెనీ పీపుల్’ ఉన్నచోట ‘ఎ వాస్ట్ మెజారిటీ’ అని రాశాడు. ఆ కాగితం మీద ఎంత ఎరుపు ఉంటే టైలరమ్మకు అంత ధైర్యం. చదువుకున్న మనిషి అంతసేపు కష్టపడి దిద్దాడు కదా మరి.

“ఇంకో ప్యాంటు ఉంది,” అంది ఆవిడ, మిషను కింద బాబిను సరిచూసుకుంటూ. “ఇంకొక్కసారి.”

ఆదివారం పొద్దున మాస్టారి గదిలో నమూనా పరీక్ష. టైలరమ్మ కూడా వెళ్లింది. రావద్దని కూతురు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పకముందే ఆవిడ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటే కిటికీలోంచి లోపలి బల్ల, మాస్టారి మోచెయ్యి, కూతురి వీపు కనిపిస్తున్నాయి. తలుపు మూశారు, ఫ్యాను కట్టేశారు. నిజం పరీక్ష ఇంత నిశ్శబ్దంగా ఉంటుందట. మాస్టారు చేతి గడియారం బల్ల మీద పెట్టాడు.

“బైసికిల్ ఈజ్ యాన్ ఎకో ఫ్రెండ్లీ...” అని పిచిక మొదలుపెట్టింది. మూడో వాక్యం దాకా బాగానే వచ్చింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

టైలరమ్మ బెంచీ అంచు పట్టుకుంది. నాలుగో వాక్యం ‘ఫర్దర్‌మోర్’తో మొదలవుతుందని ఆవిడకూ తెలుసు. అర్థం తెలియకపోయినా ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో చెవులకు అలవాటైపోయింది. ఫర్దర్‌మోర్, ఫర్దర్‌మోర్ అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది. కూతురి వీపు మాత్రం కదల్లేదు. బల్ల కింద ఆమె కుడిపాదం మడమ నేలకానించి, ముందుభాగం పైకీ కిందికీ ఆడిస్తోంది. మిషను తొక్కినట్టే.

“చదవలేదు,” అని మాస్టారు గడియారం చేతికి పెట్టుకున్నాడు. “నేను పేజీ నిండా దిద్ది ఇచ్చాను, మీరు ఇంట్లో చదివించలేదు.” ఆ రెండో మాట కిటికీలోంచి బయటికే అన్నాడు.

దారంతా టైలరమ్మకు ఆ పాదమే కళ్లలో మెదులుతోంది. ఇంటికి పోకుండా నేరుగా దుకాణానికి నడిచింది. సెలవురోజు అయినా తాళం తీసి, గుడ్డ తొలగించి మిషను ముందు కూర్చుంది. మిషనులో బట్ట ఏమీ పెట్టలేదు. ఉత్తినే తొక్కింది.

“చెప్పు.”

పిచిక చెప్పింది. ఫర్దర్‌మోర్ దాటింది. ఎ వాస్ట్ మెజారిటీ కూడా దాటింది. టైలరమ్మ పాదం ఆపింది. కుళాయి కట్టేసినట్టు మాట అక్కడే ఆగిపోయింది. మళ్లీ తొక్కింది. మాట మళ్లీ వచ్చింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అయ్యో, నా చేతులారా నేనే చేశానే,” అంది తల్లి. ముప్ఫై ప్యాంట్లకు పైగా కుట్టి ఉంటుంది ఈ రెండు వారాల్లో. పిల్ల నేర్చుకున్నది జవాబు కాదు, మిషను చప్పుడు.

సోమవారం ఈ సంగతి విని కాజాలక్క పొట్ట పట్టుకుని నవ్వింది. “అయితే మిషను కూడా పరీక్షకి మోసుకుపోండి! హాల్ టికెట్ దానికీ ఒకటి తీసుకుంటే సరి.”

“అక్కా, నీకు నవ్వులాటగా ఉంది. ఫోన్లో చప్పుడు రికార్డు చేసి చెవిలో పెట్టుకుంటే...”

“లోపలికి ఫోను రానివ్వరమ్మా,” అంది పిచిక.

“చిన్నగా పాదంతో నేల మీద కొట్టుకుంటే?”

“నిన్న కొట్టుకున్నాను. రాలేదు.”

శుక్రవారం పరీక్షకు ఇంకా నాలుగు రోజులే ఉంది. టైలరమ్మ తల అప్పటికే ఆ శుక్రవారం దాటి ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఇంట్లో కూర్చుంటే దిగులు పట్టుకుంటుంది. దిగులుతో తిండి మానేస్తుంది. పిల్ల మంచం పట్టేదాకా వెళ్లాక, ఎదురుగా ఆ పిల్లే పీట మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ కనిపించి ఆవిడకు కొంచెం ఊపిరి ఆడింది.

మిషను మీద గుడ్డ కప్పేసింది. చేతులకు ఏదో పని లేకుండా ఆవిడ ఆ దుకాణంలో ఎన్నడూ కూర్చోలేదు. కత్తెర తీయబోయి మానేసింది. టేపు మెడలోంచి తీసి చుట్టి పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. అవి ఊరుకోక ఒకదాని వేళ్లు ఒకటి లాగుతున్నాయి.

“ఆ కాగితంలో ఏముందే అసలు?” అని అడిగింది. “తెలుగులో చెప్పు.”

పిచిక చెప్పింది. సైకిలు పర్యావరణానికి మంచిది. ఇంధనం ఆదా. చిన్నప్పుడు పార్కులో మా నాన్న నాకు సైకిలు నేర్పించారు. అది మరపురాని అనుభవం.

“మీ నాన్నా? ఆ మనిషికి సైకిలెక్కడమే రాదు కదే!”

“మాస్టారు అందరికీ అదే రాసిచ్చాడు. అందరి నాన్నలూ పార్కులోనే నేర్పించారు.”

కాజాలక్క మళ్లీ నవ్వబోయి సూది గుచ్చుకుని “అబ్బా” అంది.

“మరి నీకు ఎవరు నేర్పారు?” అని టైలరమ్మ అడిగింది. అడిగాక ఆవిడకే ఆశ్చర్యమేసింది. కూతురికి సైకిలు తొక్కడం వచ్చని తెలుసు. ఎలా వచ్చిందో మాత్రం ఎప్పుడూ తెలియలేదు. తాను కొనివ్వలేదు, తొక్కనివ్వలేదు. లారీ కింద పడుతుందని భయం.

పిచిక తల వంచుకుని తొక్కలు ఒకచోటికి చేర్చింది. “చెప్తే తిడతావు.”

“తిట్టను.”

“తిడతావమ్మా. నీకు తెలియకుండానే తిడతావు.”

“నోరెత్తను. అక్క సాక్షి.”

గోడౌను వెనక దిగుడు రోడ్డు. స్నేహితురాలి అన్న సైకిలు. సీటు అందదు కాబట్టి నడిమి కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి తొక్కాలి. తల్లి స్కూలు యూనిఫారాల కొలతలకు వెళ్లిన మూడు మధ్యాహ్నాలూ అక్కడే. మూడో రోజు దిగుడులో బ్రేకు నొక్కింది కానీ అది పనిచేయలేదు.

టైలరమ్మ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఒళ్లో చేతులు బిగుసుకున్నాయి.

“ఎదురుగా గోడ. ఇసుక కుప్ప కనిపిస్తే దాన్లోకి తిప్పేశాను. మోకాలు చీరుకుపోయింది. నీకేమో స్కూలు మెట్ల మీద పడ్డానని చెప్పాను. చైను ఊడిపోతే ఇద్దరం కలిసి ఎక్కించాం. చేతులనిండా నలుపు. గౌనుకు పైన తుడిస్తే నువ్వు చూస్తావని, అంచు తిరగేసి మడత లోపల తుడుచుకున్నాను.”

“ఆ మరకా!” అని ఆవిడ ఉలిక్కిపడింది. “పచ్చ గౌను. పొడుగు వదులుదామని మడత విప్పితే లోపల నల్లగా నాలుగు వేళ్లు. మన మిషను నూనే అంటిందనుకుని, నన్ను నేనే తిట్టుకుంటూ సున్నిపిండి పెట్టి రుద్దాను. పోతేనా!”

పిచిక నవ్వు ఆపుకోలేక పీట మీద వాలిపోయింది. టైలరమ్మకూ నవ్వొచ్చింది. వెంటనే ఆ గోడా గుర్తొచ్చింది. ఇసుక కుప్ప లేకపోతే? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పన్నెండేళ్ల కింద దాటిపోయిన గోడ. మింగేసింది.

అప్పుడు గడియారం చూసింది. పిల్ల ఆగకుండా అయిదు నిమిషాలు మాట్లాడింది.

“ఇదే ఇంగ్లీషులో చెప్పు,” అంది.

“ఇదా? దీన్లో ఏముందమ్మా, పెద్ద మాట ఒక్కటి కూడా లేదు.”

“చెప్పు, చూద్దాం.”

పిచిక మెల్లగా మొదలుపెట్టింది. మాటలు తడుముకుంది, ఒకచోట వెనక్కి వెళ్లి సరిచేసుకుంది. దుకాణంలో ఏ చప్పుడూ లేదు. అయినా మాట ఆగలేదు. టైలరమ్మకు అర్థమయినవి ‘సైకిల్’, ‘బ్రేక్’, ‘మదర్’ మాత్రమే. కానీ కూతురి చేతులు చూస్తోంది. కాగితం అప్పజెప్పేటప్పుడు అవి మోకాళ్ల మీద అతికించినట్టుండేవి. ఇప్పుడు హ్యాండిలు పట్టుకున్నాయి, తిప్పాయి, మడత లోపల తుడుచుకున్నాయి. ఎక్కడిదాకా వచ్చిందో ఆవిడకు తెలిసిపోతూనే ఉంది.

మంగళవారం మాస్టారు ఫోను చేశాడు. కాగితం బాగా రుద్దించమన్నాడు. పిల్ల సొంతంగా చెబుతోందండీ అని టైలరమ్మ నసిగితే ఆయన గొంతు పెద్దదైంది. “ఎన్విరాన్‌మెంట్ అనే మాట లేకుండా సైకిలుకి మార్కులేస్తారా అమ్మా? తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే లాభం లేదు. మీ ఇష్టం.”

ఫోను పెట్టేశాడు. మీ ఇష్టం అన్నాడు. ఏ విషయంలోనైనా ఆ మాటంటేనే ఆవిడకు భయం. సాయంత్రం పిచిక వచ్చేదాకా ఆ కాగితం నాలుగుసార్లు విప్పింది, నాలుగుసార్లు మడిచింది. ఎరుపంతా అలాగే ఉంది. మిషను మీద గుడ్డ తీస్తే చాలు, పిల్ల గడగడా చెప్పేస్తుంది. కానీ పరీక్ష గదిలో ఎవరు తొక్కుతారు?

పిచిక వచ్చి చెప్పులు విడిచింది. తల్లి చేతిలో కాగితం చూసి నిలబడిపోయింది.

“మాస్టారు ఫోను చేశాడా?”

“చేశాడు.” టైలరమ్మ కాగితాన్ని ప్యాంట్ల కుప్ప కిందికి తోసింది. “అది సరే గానీ, రోజూ ఎక్కే బస్సు సంగతి చెప్పు. సైకిలే అడగాలని ఏముంది?”

ఆ మూడు సాయంత్రాలూ ఆవిడ అడుగుతూనే ఉంది. బస్సులో ఎక్కడ నిలబడతావు? కండక్టరు చిల్లర లేదంటే ఏం చేస్తావు? వాన పడితే? వింటున్నకొద్దీ ఆవిడ గుండెలు జారిపోయే సంగతులే బయటికొచ్చాయి. తొమ్మిదింటి బస్సు కిక్కిరిసి ఉంటుంది కాబట్టి పిచిక రెండు స్టాపులు మెట్టు మీదే నిలబడి వెళ్తుంది. ఒకసారి చెప్పు జారి రోడ్డు మీద పడిపోతే, దిగి వెతుక్కుని, ఆస్పత్రిదాకా నడిచింది. ఒకసారి బ్రేకు వేస్తే ముక్కు ముందు సీటుకు కొట్టుకుంది.

“మెట్టు మీదా!” అని అరవబోయి టైలరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాజాలక్క గుమ్మంలోంచి వేలు చూపించి “సాక్షిని నేనున్నా” అంది.

కొంగు తీసి, గొంతు సర్దుకుని, “తర్వాత?” అంది టైలరమ్మ.

పిచిక తల్లి వైపు కొత్తగా చూసింది. తర్వాత సంగతి చెప్పింది. దాని తర్వాతది అడక్కుండానే చెప్పింది.

శుక్రవారం పరీక్ష గది బయట చెట్టు కింద తల్లులు, భర్తలు, ఒక తాతగారు నిలబడ్డారు. లోపలికి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరూ బయటికొస్తున్నారు. మాస్టారి దగ్గరి పిల్లలు ముగ్గురు మొహాలు వేలాడేసుకుని వచ్చారు. నన్నూ మధ్యలోనే ఆపేశారని ఒకమ్మాయి ఫోనులో చెబుతోంది. టైలరమ్మ చేతిసంచి జిప్పు తెరుస్తూ మూస్తూ ఉంటే అది చివరికి పట్టు తప్పి ఊడి చేతికొచ్చింది.

పిచిక పావుగంట తర్వాత వచ్చింది. మిగతావాళ్లకన్నా ఎక్కువసేపు పట్టింది. అది మంచికో చెడుకో ఆవిడకు తోచలేదు. చెడుకే అనుకుంది.

“బస్సు అడిగారమ్మా. రోజూ పనికి ఎలా వెళ్తావని. మెట్టు సంగతి చెప్పాను. నీకు భయం వేయదా అని పరీక్ష పెట్టే ఆవిడ అడిగింది.”

“ఏం చెప్పావు?”

“భయపడే పని మా ఇంట్లో మా అమ్మ చూసుకుంటుందండీ అన్నాను.”

టైలరమ్మ చెట్టుకు చేయి ఆన్చింది. “పరీక్షలో అలా అంటారుటే? ఆవిడేమంది?”

“నవ్వింది. కాగితం మీద ఏదో రాసింది. మీ అమ్మ గురించి ఇంకా చెప్పమంది. సైకిలు నేర్చుకున్నది, గౌను మరక, అన్నీ చెప్పేశాను.”

“నవ్విందా! రాసిందా!” ఆవిడకు ఆ రెండే వినిపించాయి. “ఎంత రాసింది? ఒక మాటా, రెండు మాటలా?”

“నాకేం తెలుసమ్మా, తలకిందులుగా కనిపిస్తుంటే?”

నాలుగు రోజులపాటు టైలరమ్మ కుట్టిన కుట్లలో సగం విప్పి మళ్లీ కుట్టింది. ఒక పెద్దమనిషి ప్యాంటు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి చేసింది. ఇంగ్లీషు పరీక్ష పెట్టే మనిషి నవ్విందంటే ఎగతాళికే అని ఒక పూట, కాదని ఒక పూట కాజాలక్కతో వాదించింది. ఏ పూట ఏ వైపు వాదించినా కాజాలక్క ఒప్పుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఆస్పత్రి గోల. “అమ్మా, ఏడున్నర,” అంది పిచిక.

“ఏడున్నరకి ఏముంది? ఎవరికేమైంది?”

“మార్కులమ్మా! పదికి ఏడున్నర! నోటీసు బోర్డు ముందే నిలబడ్డాను.”

టైలరమ్మ ఉన్నచోటే కూర్చుండిపోయింది. కింద పీట ఉండబట్టి సరిపోయింది. కాజాలక్క కుడుతున్న చొక్కా పక్కన పడేసి వచ్చి ఫోను లాక్కుని, వీధి వీధంతా వినిపించేలా “మా పిచికే!” అని అరిచింది.

సాయంత్రం పిచిక కంటే ముందు మాస్టారి ఫోను వచ్చింది. “చూశారా అమ్మా, నా కాగితం! ఫోటో ఒకటి పంపించండి, గోడకి పెడతాను.” కాగితంలోది ఒక్క ముక్క కూడా చెప్పలేదండీ అందామనుకుంది టైలరమ్మ. “అలాగే మాస్టారూ,” అని పెట్టేసింది. అంత సంతోషంలో ఒక మనిషితో తగువు పడే ఓపిక ఆవిడకు లేదు.

పిచిక మూడు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. కాజాలక్క తన గ్లాసు అందుకుని గుమ్మంలోకి జరిగింది. తల్లీకూతుళ్లు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. టైలరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, ఆ వేళ్లను ఒకటి తర్వాత ఒకటి నిమిరింది. ఛాతీ మీదినుంచి బరువైన మూట ఏదో ఎవరో దింపుకుపోయినట్టుంది. కాసేపు ఆ తేలికదనం ఆవిడకు బాగుంది. అంతలోనే కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“పర్మినెంటు అంటే రాత్రి డ్యూటీలు కూడా వేస్తారేమో కదే?”

“అమ్మా.”

“అర్ధరాత్రి బస్సు ఉంటుందా? ఉన్నా ఎవరు...”

“అమ్మా. ఒక్క గంట. ఒక్క గంట ఏ భయమూ లేకుండా కూర్చో. తర్వాత నీ ఇష్టం, ఎన్ని కావాలంటే అన్ని పడు.”

“గంటా?” టైలరమ్మ నిజంగానే ఆలోచించింది. “గంట నావల్ల కాదు గానీ, ఈ టీ అయ్యేదాకా ఉంటాను.”

గ్లాసు పెదవికి ఆన్చి, నాలుక తడిసేంత తాగి దించింది. మళ్లీ అంతే. టీ చల్లారిపోయింది, పైన మీగడ కట్టింది. గ్లాసులో ఇంకా సగానికి పైనే ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వీధి వైపు చూస్తూ, తాగకుండా కూర్చుంది.